మెకానిక్ నేనే

ఆపా చనిపోయిందని యాదగిరి ఫోన్ చేసినప్పుడు నేను హాలియాలో మా కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని జవాబు పత్రాలు దిద్దుతున్నాను. యాదగిరి ఒకప్పుడు మా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాడు. ఇప్పుడు నల్గొండలో ఇన్వర్టర్ల దుకాణం నడుపుతున్నాడు.

"పొద్దుగాల పోయిందట. నిద్రలనే. పాపం," అన్నాడు.

ఆ 'పాపం' నాకు రుచించలేదు. ఆపా వింటే ఊరుకునేది కాదు. ఒకసారి ఎవరో గిరాకీ "పాపం, ఒక్కతే తండ్లాడుతున్నది" అని పక్కవాడితో గుసగుసగా అంటే, ఆమె స్క్రూడ్రైవరు కింద పెట్టి, "ఎవలు పాపం? గీ గిటారు పాపం. నీ చేతుల వడ్డది," అన్నది. అతను గిటారు బాగై చేతికొచ్చేదాకా గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

నల్గొండలో, చుట్టుపక్కల ఊళ్లలో, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లోనో చర్చిల్లోనో ఎలక్ట్రిక్ గిటారు వాయించే వాళ్లందరికీ ఆమె ఆపా. అంటే అక్క. అసలు పేరు అడిగినవాళ్లు తక్కువ. నాకు తెలుసు గాని, ఆమెను ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు కాబట్టి ఇక్కడ రాయను. ఆమె భర్త రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్. ఆయన బతికున్న రోజుల్లో దుకాణం మధ్యలో ఒక పూల తెర కట్టి ఉండేదట. ఆయన ముందు కూర్చుని బేరాలు మాట్లాడితే, తెర వెనక కూర్చుని సోల్డరింగ్ పనంతా ఈమె చేసేది. ఆయన పోయి నలభై రోజులు గడిచాక దుకాణం తెరిచి ఆపా చేసిన మొదటి పని, ఆ తెర పీకెయ్యడం.

ఇంకో మాట. ఆపాకు గిటారు వాయించడం రాదు. ఒక్క పాట కూడా రాదు. ఏ తీగనైనా ఒకసారి వదిలేసి మీటేది, ఒకసారి సరిగ్గా మధ్యలో నొక్కి మీటేది. రెండు స్వరాలూ ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయా లేదా అన్నదే ఆమెకు కావలసింది. ఎడమ చెవి కొంచెం మందం. అందుకని గిటారు చెక్క అంచుకు గడ్డం ఆనించి వినేది. నల్ల బురఖా చేతులు మోచేతి దాకా మడిచి రబ్బరు బ్యాండ్లు వేసుకుని, కళ్లద్దాలకు దారం కట్టుకుని, గడ్డం చెక్కకు ఆనించి కళ్లు మూసుకున్న ఆ మనిషిని మొదటిసారి చూసినవాళ్లు నమాజులో ఉందేమోనని చెప్పులు విప్పి పక్కకు జరిగేవాళ్లు.

నేను ఆమె దగ్గరికి మొదటిసారి వెళ్లింది కొత్త రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలంలో. మాది రామన్నపేట. నల్గొండలో గది కిరాయికి తీసుకుని పీజీ చదువుతూ ఆదివారాలు ఆర్కెస్ట్రాలో వాయించేవాణ్ని. నా దగ్గర ఒక ఎర్ర గిటారు ఉండేది. నా చేతికి రాకముందు ఎవరెవరి చేతుల్లో తిరిగిందో తెలియదు. దాని పికప్‌లు, అంటే తీగల కింద ఉండి వాటి కదలికను కరెంటుగా మార్చే అయస్కాంతపు ముక్కలు, నాసిరకానివని ఎవరో అన్నారు. హైదరాబాద్ పోయి కొత్తవి తెచ్చుకున్నాను. ఫోన్లో వీడియో చూస్తూ గదిలో చాప మీద ఆపరేషన్ మొదలుపెట్టాను. సాయంత్రానికి గిటారు ఎందుకూ పనికిరాకుండా పోయింది. తీగలు గరగరమంటున్నాయి. ఒక తీగ శ్రుతి చేస్తే మిగతా అయిదూ దిగిపోతున్నాయి. స్క్రూలన్నీ ఒక స్టీలు గిన్నెలో కలిసిపోయి ఉన్నాయి.

ఆ గిన్నెతో సహా తీసుకెళ్లి ఆపా ముందు పెట్టాను.

"ఏం చేసినవు?"

"పికప్ మార్చిన ఆపా."

"ఇంక?"

"తీగలు గూడ కొత్తయి ఏసిన. జర లావుయి."

"ఇంక?"

"మెడ వంగిందేమో అని లోపలి రాడ్డు తిప్పిన."

"ఎంత తిప్పినవు?"

"గుర్తులేదు."

"ఇంక?"

బ్రిడ్జి, అంటే గిటారు ఒంటి మీద తీగల కొసలు ఆనే ఇనుప పట్టీ, దాని మీది స్క్రూలు కూడా తిప్పానని నసిగాను. ఆమె కళ్లద్దాలు తీసి గుండె మీదికి వదిలేసింది.

"ముందుగాల ఎట్లుండె?"

"మంచిగనే ఉండె."

"మంచిగనే ఉండె అంటే నేనేం కొలవాలె? తీగ ఎంత ఎత్తుల ఉండె? మెడ ఎంత వంపుండె? బ్రిడ్జి ఆనుకొని ఉండెనా, లేసి ఉండెనా?"

నేను గిన్నెలోని స్క్రూల వైపు చూశాను.

"నువ్వు ఒక్క పికప్ మార్చిన అనుకుంటున్నవు. నాలుగు మార్చినవు. ఇప్పుడు ఏది నొప్పి పెడుతున్నదో గిటారుకు గూడ తెల్వదు. కూసో."

నన్ను కూర్చోబెట్టి ఆమె మూడు రోజులు పని చేసింది. మొదట నేను విప్పి జేబులో పెట్టుకున్న పాత తీగల పొట్లం తీయించి, అదే మందం తీగలు తెప్పించి వేసింది. ఆ రకం గిటారులో బ్రిడ్జిని ముందు నుంచి తీగలు లాగుతుంటాయి, వెనక నుంచి స్ప్రింగులు లాగుతుంటాయి. రెండు లాగుళ్ల మధ్య అది నిలబడి ఉంటుంది. నేను ఆరు తీగలూ ఒకేసారి తీసేశాను కాబట్టి స్ప్రింగులు దాన్ని వెనక్కి గుంజేశాయి. "గొడ్డును రెండు దిక్కుల కట్టి ఒక దిక్కు తాడు కోసినవు," అని ఆమె వెనక గూట్లో ఒక చెక్కముక్క ఇరికించి బ్రిడ్జిని కదలకుండా ఆపింది. మెడ వంపును సరిచేసే లోపలి రాడ్డును పావు చుట్టు తిప్పింది. తిప్పి, గిటారును గోడకు వేలాడదీసి, "ఇయ్యాల్టికి పో. చెక్క రాత్రంత పండుకోవాలె. రేపు మాట్లాడుతది," అన్నది.

రెండో రోజు గిటారు నా చేతికిచ్చి వాయించమన్నది. ఆమె పాట వినలేదు. నా ఎడమచేతి వేళ్లనే చూస్తూ కూర్చుంది. ఒకచోట నా ఉంగరపు వేలు కొద్దిగా తడబడింది.

"గాడ ఆగు. గదే పాట మల్ల వాయించు."

మళ్లీ అక్కడే తడబడింది.

"నీకు గుర్తులేదు గాని నీ చెయ్యికి గుర్తుంది. చెయ్యి పాత ఎత్తు దేవులాడుతున్నది."

అలా నా వేళ్లను చూసి, పెళ్లిపత్రిక అట్టను కోసిన సన్నటి ముక్కలను తీగ కింద దూర్చి తీస్తూ, ఒక్కొక్క తీగను నా చేతికి కావలసిన ఎత్తుకు తెచ్చింది. మూడో రోజు పికప్‌లను కొంచెం కిందికి దించింది. నేను వాటిని తీగలకు మరీ దగ్గరగా బిగించానట. అయస్కాంతం తీగను గుంజుతుంటే స్వరం వణుకుతుందని అప్పుడే నాకు తెలిసింది. మధ్యాహ్నానికి ఆ ఎర్ర గిటారు నా దగ్గర ఎన్నడూ పలకనంత బాగా పలికింది.

ఆమె పనికి ఒకటే పట్టు. ముందు ఎలా ఉందో రాసుకోవాలి. ఒక్కటే మార్చాలి. మార్చి వినాలి. అప్పుడుగాని రెండోదాన్ని ముట్టకూడదు. విప్పిన స్క్రూలను పచ్చ సబ్బు బిళ్లలో, గిటారు మీద ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో గుచ్చేది. సబ్బు అంటిన స్క్రూ మళ్లీ చెక్కలోకి మెత్తగా దిగుతుంది, చెక్క చీలదు. వైర్లు ఊడదీసే ముందు ఏ రంగు వైరు ఎక్కడుందో పెన్సిలుతో బొమ్మ గీసేది. ఫోన్లో ఫొటో తీసుకోవచ్చు కదా అంటే, "ఫొటో ఫోన్ల ఉంటది. గీస్తే నా లోపల ఉంటది," అన్నది.

తొందరపడే వాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట. ఒకసారి కార్లో ఒక ఆర్కెస్ట్రా యజమాని దిగాడు. చేతిలో ఖరీదైన గిటారు. బ్రిడ్జి పీకి కొత్త రకం బ్రిడ్జి పెట్టాలట, దానికోసం చెక్కకు తొర్రలు వెయ్యాలట, సాయంత్రం ప్రోగ్రాముందట, రెండు గంటల్లో కావాలట. దుకాణంలో అటూ ఇటూ చూసి, "మెకానిక్ ఏడి?" అన్నాడు.

"నేనే."

"కాదమ్మా, పెద్ద పని. మగోళ్లెవరైనా ఉంటే పిలువు."

ఆపా ఆ గిటారును అందుకుని, గడ్డం ఆనించి, రెండు తీగలు మీటి తిరిగి ఇచ్చేసింది. "ఇది మంచిగున్నది. దీనికి తొర్రలు వెయ్య నేను. రెండు గంటలల్ల కావాలంటే హైదరాబాద్ పో, మగోళ్లే ఉంటరు. పోనీకే రెండు గంటలు పడతది."

అతను విసురుగా వెళ్లిపోయాడు. వారం తర్వాత వేరే గిటారుతో వచ్చి బల్ల ముందు నిలబడి, "ఎన్ని రోజులకు రమ్మంటవమ్మా?" అన్నాడు. ఆపా ముఖంలో గెలిచిన గుర్తేమీ లేదు. "ముందు దీనికేమైందో చెప్పు," అన్నది.

ఆ తర్వాత రెండేళ్లకు అసలు గొడవ వచ్చింది. దుకాణం ఆమె మామ పేరు మీద ఉండేది. మరిది దాన్ని సెల్‌ఫోన్ల దుకాణానికి ఇస్తానని మాట ఇచ్చేశాడు. ఆడమనిషి బజార్లో కూర్చుని ఆర్కెస్ట్రా వాళ్లతో మాట్లాడటం తనకు తలవంపులుగా ఉందని కూడా అందరితో అంటున్నాడు. ఒక పొద్దున నేను వెళ్లేసరికి షట్టర్‌కు కొత్త తాళం ఉంది. షట్టర్ ముందు, ఫుట్‌పాత్ మీద, చిన్న టేబుల్ వేసుకుని ఆపా కూర్చుని ఉంది. టేబుల్ మీద సబ్బు బిళ్ల, పెన్సిలు, సోల్డరింగ్ కడ్డీ. ఎదుటి చాయ్ హోటల్ నుంచి రోడ్డు మీదుగా కరెంటు వైరు లాగి ఉంది.

"ఏంది ఆపా ఇది?"

"ఏం లేదు. షాపు జర ముందుకొచ్చింది."

మధ్యాహ్నం మరిది వచ్చాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూ. అతను ఉర్దూలోనే, గొంతు తగ్గించి, భాభీ, నలుగురూ చూస్తున్నారు, ఇజ్జత్ పోతోంది, ఇంటికి నడువు అన్నాడు. ఆపా అతనికి తెలుగులో జవాబు చెప్పింది. చాయ్ హోటల్ దాకా వినపడేటట్టు చెప్పింది.

"ఎవరి ఇజ్జత్? నాదైతే గీ టేబుల్ మీదనే ఉన్నది. నీదైతే లోపల తాళమేసి పెట్టుకున్నవు గద."

ఎవరో నవ్వారు. అతను బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు.

ఆ ఎండాకాలమంతా ఆమె అక్కడే కూర్చుంది. నల్గొండ ఎండ సంగతి చెప్పనక్కర లేదు. చెక్కకు ఎండ పడదు. పెద్ద గొడుగు నిలబెట్టించింది. గిటార్ల మీద కప్పిన చద్దర్ మీదికి కూడా ఎండ రాకుండా గొడుగుతో పాటు టేబుల్‌ను గంటకోసారి జరుపుకునేది. పదకొండు నుంచి నాలుగు దాకా మెడ పని ముట్టేది కాదు, వైర్ల పనే చేసేది. సంగతి తెలిసి ఆర్కెస్ట్రాల వాళ్లందరం వచ్చాం. మిర్యాలగూడ చర్చిలో వాయించే ఆయన బస్సులో గిటారు ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. పని ఉన్నవాళ్లు వచ్చారు, పని లేకపోయినా పని కల్పించుకుని వచ్చారు. నేను నా గిటారుకు తీగలు బిగించే బిరడాలు మార్పించుకున్నాను. ఆరూ ఒకేసారి కాదు. ఒక బిరడా తీసి, కొత్తది పెట్టి, ఆ తీగ బిగించి, శ్రుతి చేసి, అప్పుడు రెండోది. రోడ్డు మీద లారీలు హారన్లు కొడుతుంటే ఆమె చెక్కకు గడ్డం ఆనించి వినడం, నిలబడిపోయిన జనం తమకు తెలియకుండానే మాటలు తగ్గించడం నేను చూశాను.

చివరికి పెద్దమనుషులు కూర్చున్నారు. దుకాణం మరిదిదే అని తేల్చారు. భర్త పనిముట్లు, అద్దాల బీరువా ఆపావని చెప్పారు. ఓడిపోయినట్టే. ఆమె మాత్రం బీరువాను ట్రాలీ ఆటోలో పడుకోబెట్టకుండా నిలబెట్టి, తను పక్కన నిలబడి అద్దం పట్టుకుని, బజారు మధ్యలోంచే తీసుకెళ్లింది. గల్లీల్లోంచి దగ్గర దారి ఉంది. ఆ దారిన పోనియ్యలేదు.

ఇంటి ముందర గది కిటికీని గల్లీ వైపు పెద్దది చేయించి అక్కడ కూర్చుంది. కొత్తగా వచ్చేవాళ్లు కిటికీలోంచి తొంగి చూసి, "మెకానిక్ ఉన్నడా?" అని అడగడం మానలేదు. రోజుకు నాలుగుసార్లు జవాబు చెప్పలేక ఆమె ఒక బోర్డు రాయించింది. గిటారు బొమ్మ లేదు, దుకాణం పేరు లేదు. 'మెకానిక్ నేనే' అని మాత్రం ఉంది. పెయింటరు, కింద ఫోన్ నంబరన్నా రాయమంటారా అని అడిగితే, "అవసరమున్నోడు వస్తడు," అన్నదట.

తర్వాతది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. హాలియాలో ఉద్యోగం వచ్చింది. పెళ్లి కుదిరింది. సారు అయినంక ఇగ పెళ్లి బరాతుల ముందు ఎగురుతవా అని మా బాపు అన్నాడు. నేను ఎదురు చెప్పలేదు. గిటారును ఒక పరిచయస్తుడి ద్వారా అమ్మేశాను. ఆ తర్వాత స్వీట్ల డబ్బా పట్టుకుని ఆపా దగ్గరికి వెళ్లాను. ఉద్యోగం సంగతి విని సంబరపడింది, చాయ్ తెప్పించింది. గిటారెట్లున్నదని అడిగింది. చెప్పాను.

ఆమె చేతిలో వేడి కడ్డీ ఉంది. దాన్ని స్టాండులో పెట్టి స్విచ్చి ఆపింది. పని మధ్యలో స్విచ్చి ఆపడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎవలు అమ్మమన్నరు?"

"ఎవలు అనలే ఆపా. ఇగ వాయించేది లేదు గదా అని," అన్నాను, బాపు మాట దాచి.

"ఉద్యోగమొస్తే చెయ్యి కోసుకుంటరా?"

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"నన్ను బజార్ల కూసోవద్దన్నరు. నేను కూసున్న. నిన్ను ఎవలు ఏమనకముందే లేసినవు." స్వీట్ల డబ్బాను కిటికీ గూట్లోంచి నా వైపు నెట్టింది. "ఇది తీస్కపో. నీకు ఉద్యోగమొచ్చినందుకు ఖుషీనే. మిఠాయి మాత్రం తినబుద్ధి అయితలేదు."

మూడేళ్లు ఆమెకు ముఖం చూపించలేదు. తర్వాత ఒకసారి ఏదో పని మీద నల్గొండ వెళ్లి, ధైర్యం చేసి ఆ గల్లీలోకి తిరిగాను. కళ్లద్దాలు మందమయ్యాయి. చేతి మీద నరాలు తేలాయి. ఆప్యాయంగానే పలకరించింది, పిల్లల గురించి అడిగింది. పోయేముందు, గిటారు ఎవరి దగ్గరుందో తెలుసా అని అడిగాను.

"తెలుసు. కొన్నాయన నా దగ్గరికే తెచ్చిండు. ఆయన చెయ్యికి మొదటి సంది మల్ల చేసిన."

"ఎవరాయన?"

"గది నీకెందుకు?"

అదే ఆఖరు మాట. యాదగిరి ఫోన్ చేసిన రోజు సెలవు పెట్టి వెళ్లాను. ఖబ్రస్తాన్‌లో మా పాత ఆర్కెస్ట్రాల వాళ్లు నేననుకున్నదానికంటే ఎక్కువమంది ఉన్నారు. మరిది కూడా వచ్చాడు, పిడికెడు మట్టి వేశాడు.

ఆమె పోయిన రెండు నెలలకు మా కాలేజీ గుమాస్తా కొడుకు పెళ్లి విందుకు హాలియాలోనే ఒక ఫంక్షన్ హాలుకు వెళ్లాను. మధ్యాహ్నం. వేదిక పక్కన నలుగురు మనుషుల బ్యాండు. నేను కంచం పట్టుకుని వరుసలో ఉన్నాను. గిటారు ఎత్తుకున్న రెండో స్వరానికే కంచం పక్కన పెట్టేశాను. అది నా ఎర్ర గిటారు. మూలన నేను తలుపుకు తగిలించిన సొట్ట కూడా అలాగే ఉంది.

వాయిస్తున్న మనిషికి ముప్పై అయిదేళ్లుంటాయి. పాట అయ్యాక మాట కలిపాను. బోరు మోటార్లు బాగుచేస్తాడట, నిడమనూరు దగ్గరి ఊరట. నేను ఇంతకుముందు దీన్నే వాయించేవాణ్నని చెప్పి, ఒకసారి పట్టుకోవచ్చా అని చెయ్యి చాపాను.

అతను గిటారును కొంచెం ఒంటికి దగ్గరగా జరుపుకున్నాడు.

"ఏమనుకోకున్రి సార్. నల్గొండల ఆపా అని ఒకామె ఉండె. దీన్ని బాగుచేసి ఇచ్చేటప్పుడు నాతోని మాట తీసుకున్నది. పాతాయన ఎన్నడన్న వచ్చి అడిగితే చేతికియ్యొద్దు అన్నది."

"ఎందుకట?"

"గదే అడిగిన సార్. ఒకపారి ఇడిసిపెట్టినోడు, మల్ల ఇడిసిపెడతడు అన్నది."

నా చెయ్యి గాలిలోనే ఉంది. మెల్లగా దించుకున్నాను. అతను నొచ్చుకున్నట్టు తల వంచి, "వినాలె అనుకుంటే మాత్రం ఎదురుంగ కూసోవెట్టి మంచిగ వినిపియ్యమన్నది సార్," అన్నాడు.

తీగల వైపు చూశాను. నా చేతికి ఆమె పెట్టిన ఎత్తులో లేవు. అతనివి మోటార్లు విప్పే మొరటు వేళ్లు. వాటికి తగ్గట్టు తీగలు పైకి లేచి ఉన్నాయి. బ్రిడ్జి మీది ఆరు స్క్రూలూ కొత్త వరుసలో ఉన్నాయి. ఆ గిటారులో నా కోసం సరిపెట్టినది ఒక్కటీ మిగల్లేదు.

"ఏ పాట వాయియ్యమంటరు సార్?"

"నీకు చెయ్యి తిరిగింది ఏదైనా సరే," అని కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నాను.